అమ్మవారి పండగ నాటి షుగర్ పరీక్ష

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వేసవి మొదట్లో, నన్ను ఖరగ్‌పూర్‌లోని రైల్వే హెల్త్ యూనిట్లలో 'పాయింట్ ఆఫ్ కేర్' పరికరాల పర్యవేక్షణకు వేశారు. అప్పటికి నేను ల్యాబ్ సూపరింటెండెంట్‌ని. హోదా పేరు వింటే పెద్ద గదీ, బల్ల మీద గంటా ఉంటాయనుకుంటారు. నాకు ఉన్నది ఒక చేతిసంచి, ఒక స్కూటరు. రోగి రక్తాన్ని ల్యాబ్‌కు పంపకుండా, మంచం పక్కనే నిలబడి అక్కడికక్కడే ఫలితం చెప్పే పరికరాలు అప్పట్లో ఒక్కసారిగా పెరిగాయి. షుగరు చూసే గ్లూకోమీటర్లు, మలేరియా కార్డులు, గుండెపోటు తేల్చే పట్టీలు. ఇవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో నెలకోసారి యూనిట్లన్నీ తిరిగి చూడటం నా పని.

ల్యాబ్ వాళ్లకు ఈ పరికరాలంటే పెద్దగా ప్రేమ ఉండదు. మేము రక్తం తీసి, యంత్రంలో తిప్పి, పైన తేలిన పసుపు నీటిని వేరు చేసి, దానికి రసాయనం కలిపి, ఇంతా చేసి చెప్పే అంకెను, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్క కూర్చున్న చోటే చెప్పేస్తుంది. పిట్ట కొంచెం, కూత ఘనం. పైగా డాక్టర్లు మా ఫలితం కోసం విసుక్కుంటూ, దాని ఫలితాన్ని మాత్రం ముచ్చటగా చూసేవారు. అయినా నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అది మంచి యంత్రం.

దాన్ని పరీక్షించే పద్ధతి కూడా సులువే. కంట్రోల్ సొల్యూషన్ అని ఒక చిన్న సీసా ఉంటుంది. అందులో చక్కెర ఎంత ఉందో తయారుచేసినవాళ్లు ముందే నిర్ణయించి, ఏ అంకె నుంచి ఏ అంకె దాకా రావచ్చో రాసి ఇస్తారు. రక్తానికి బదులు ఆ చుక్క వేసి చూడాలి. ఆ హద్దుల్లో వస్తే మీటరు పాస్, లేకపోతే సంచిలో వేసుకుని వెళ్లిపోవడమే.

నేను చెప్పబోయేది రైల్వే వర్క్‌షాప్‌కు దగ్గరలోని ఒక కాలనీ హెల్త్ యూనిట్ సంగతి. కాలనీ పేరు చెప్పను. చెబితే నేను రాసినదాంట్లో సగం తప్పని అక్కడివాళ్లు ఫోన్లు చేస్తారు. ఆ కాలనీలో ఎక్కువమంది మా వాళ్లే, అంటే తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాప్ పనికి వచ్చి స్థిరపడ్డవాళ్లు. మనుషులతో పాటు అమ్మవారు కూడా అప్పుడే రైలెక్కి వచ్చింది. ఏటా వేసవిలో ఆమెకు పండగ చేస్తారు. ఆడవాళ్లు పసుపు నీళ్లు, వేపమండలు ఉన్న గటాలు నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా, డప్పుల వెనక కాలనీ అంతా తిరుగుతారు. గటం ఎత్తే మనిషి ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినదు. నైవేద్యానికి చలివిడి కూడా ఆమే చేయాలి. నానబెట్టిన బియ్యం దంచిన పిండిలో బెల్లం వేసి ముద్దయ్యేదాకా చేత్తో పిసకాలి. ఆ తర్వాత గటం దించేవరకు ఆ చెయ్యి కడగకూడదు, గుడ్డకు తుడుచుకోవచ్చునంతే. ఈ కట్టుబాటు శ్రీకాకుళంలో ఉందో లేదో నాకు తెలియదు. ఆ కాలనీలో మాత్రం ఉంది.

ఆ మంగళవారం నేను యూనిట్‌కి వెళ్లేసరికి డప్పులు దూరంగా వినిపిస్తున్నాయి. రోగులు లేరు. పండగ రోజు మా వాళ్లకు జబ్బులు రావు, మర్నాడు అన్నీ కలిపి వస్తాయి. స్టాఫ్ నర్సు రూతమ్మ అక్కడే పుట్టి పెరిగిన తెలుగు క్రైస్తవుల అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గాని ఆమెకూ జుట్టు నెరిసింది. యూనిట్ డాక్టరు మిత్ర అనే బెంగాలీ ఆవిడ, ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. నేను మీటరులో కంట్రోల్ చుక్క వేశాను. అంకె హద్దుల్లో నిక్షేపంగా వచ్చింది. పాస్ అని చెప్పి, రూతమ్మ ఇచ్చిన టీ తాగుతూ కూర్చున్నాను.

డప్పులు దగ్గరకొచ్చి మా గేటు ముందు ఆగిపోయాయి. బయటికి వచ్చి చూస్తే పైడమ్మకు పూనకం వచ్చిందన్నారు. పైడమ్మ వర్క్‌షాప్ ఫిట్టరు భార్య. మా యూనిట్‌లోనే షుగరు మందు తీసుకునే మనిషి. గటం నెత్తిన ఉండగానే ఊగుతోంది, ఒళ్లంతా చెమట, కళ్లు ఎటో చూస్తున్నాయి, మాట ముద్దగా వస్తోంది. అమ్మవారు పలికేటప్పుడు అడగవలసినవి అడిగేయాలి కాబట్టి జనం అడుగుతున్నారు.

"మా క్వార్టర్ల లైనుకి నీళ్లు ఎప్పుడొస్తాయమ్మా?" అని ఒకాయన దండం పెట్టి అడిగాడు.

పైడమ్మ "పోయింది, పోయింది" అంది. ఆయన మొహం వాడిపోయింది. ఇంజనీరింగ్ వాళ్లు కూడా ఎన్నడూ అంత తెగేసి చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె మోకాళ్ల మీద కూలబడింది. పక్కనే నడుస్తున్న తోటికోడలు లక్ష్మి గటాన్ని పట్టుకోకపోతే అదీ పగిలేది. పూనకం వచ్చినవాళ్లు పడిపోవడం మామూలే, కాసేపటికి లేస్తారు. పైడమ్మ లేవలేదు. లక్ష్మికి భయం వేసి, షుగరు మనిషి, లోపలికి పట్టండని కేకలు పెట్టింది. నలుగురు మోసుకొచ్చి మా బల్ల మీద పడుకోబెట్టారు. వాళ్ల వెనకాలే ఒక చేతిలో పానకం చెంబు పట్టుకుని అప్పలసామి తాత వచ్చాడు. ఆయన వర్క్‌షాప్‌లో బాయిలర్ పని చేసి రిటైరైనవాడు, గుడి పెద్ద. పండగ రోజుల్లో ఆ కాలనీలో ఆయన మాట దాటేవాళ్లు లేరు.

"అమ్మోరు ఇంకా దిగనేదు బావూ. రెండు గుక్కలు పానకం పోస్తే సల్లబడతాది" అని చెంబు ముందుకు పెట్టాడు.

డాక్టర్ మిత్ర చెంబును చేత్తో అడ్డుకుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా షుగరు రోగి. ముందు మీటరుతో చూడమంది.

రూతమ్మ పైడమ్మ కుడిచేతి వేలు పట్టుకుని, స్పిరిట్ దూది తీసింది. తాత ముక్కు చిట్లించాడు. "సారా వాసనది అమ్మోరి ఒంటికి పెడతావేటమ్మా?" అన్నాడు. ఆ స్థానంలో హిందువుల అమ్మాయి ఉంటే, నువ్వు అవతలికి వెళ్లు తాతా అని కసిరి తన పని చేసుకునేది. రూతమ్మ చర్చికి వెళ్లే మనిషి. తను చేస్తే వేరేగా అనుకుంటారని, అమ్మవారిని అగౌరవపరిచిందన్న మాట ఎందుకని, దూది పక్కన పెట్టేసింది. నిజానికి స్పిరిట్‌తో తుడిచినా సరిపోయేది కాదు. ఆ సంగతి అప్పుడు అక్కడ ఎవరూ ఆలోచించలేదు. వేలు పొడిచి, చుక్క తీసి, మీటరు పట్టీకి తగిలించింది. 486 వచ్చింది.

డాక్టరు ఇంకో వేలికి చూడమంది. అది సరైన పద్ధతే. అంత పెద్ద అంకె వస్తే మళ్లీ చూడాలని మా సూచనల్లోనే ఉంది. రెండోసారి 452. రెండూ ఒక దారిలోనే ఉన్నాయి. ఇందాకే మీటరు పాస్ అయిందని నేను కూడా చెప్పాను.

ఇక అనుమానించవలసింది ఏముంది? షుగరు విపరీతంగా పెరిగి స్పృహ తప్పిన రోగికి ఏం చేయాలో పుస్తకంలో ఉంది. సెలైన్, ఇన్సులిన్, పెద్దాసుపత్రికి తరలింపు. డాక్టరు అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. దారిలో అమ్మవారి ఊరేగింపు అడ్డంగా ఉంది, రావడం ఆలస్యమవుతుందని డ్రైవరు చెప్పాడు. ఊరేగింపులో ఉండాల్సిన మనిషే మా బల్ల మీద ఉందని అతనికి చెప్పి ప్రయోజనం లేదు. రూతమ్మ సిరంజిలోకి ఇన్సులిన్ ఎక్కించి సిద్ధంగా పట్టుకుంది.

డాక్టరు నాడి చూడటానికి పైడమ్మ మణికట్టు పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. "ఎతో ఘామ్ కేనో?" అంది తనలో తను. ఇంత చెమట ఎందుకు అని. చదివేవారికి ఇది చిన్న మాటలా ఉండవచ్చు. షుగరు బాగా పెరిగినవాళ్లకు ఒంట్లో నీళ్లన్నీ మూత్రంలో పోయి, నాలుక, చర్మం ఎండిపోయి ఉంటాయి. ఒళ్లు చల్లబడి చెమటతో తడిసి ముద్దవడం షుగరు పడిపోయినవాళ్ల లక్షణం. పైడమ్మ చీర తడిసి బల్లకు అతుక్కుపోయి ఉంది. ఎండలో నడిచిన మనిషికి చెమట పట్టదా అని కూడా అనుకోవచ్చు. డాక్టరు కాసేపు అదీ ఇదీ తేల్చుకోలేక నిలబడి, ఇన్సులిన్ ఆపమని రూతమ్మతో చెప్పి, ల్యాబ్‌కు పంపడానికి నరం నుంచి రక్తం తీయమని నాతో అంది.

నేను నరం ఉబ్బడానికి మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి కట్టాను. నరం దొరకలేదు. ఉపవాసం ఉండి ఎండలో నడిచిన మనిషికి నరాలు అణిగిపోతాయి. నరం పైకి లేవడానికి ఆమె చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతుంటే, నా గ్లవ్ ఆమె అరచేతికి అతుక్కుంది. వదిలించుకోబోతే రబ్బరు సాగింది.

"ఈవిడ పొద్దున్న ఏం పని చేసింది?" అని లక్ష్మిని అడిగాను.

"సలివిడి కలిపినాదండి. అమ్మోరి పని కదండి, సెయ్యి కడక్కూడదు."

ఏమైనా తిన్నదా అని అడిగాను. రాత్రి నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదంది. షుగరు బిళ్ల మాటేమిటి అని అడిగాను.

"ఏసుకున్నాది, నీల్లు నేకుండానే మింగీసినాది. ఏది మానినా బిళ్ల మాత్రం మానొద్దని మీరే సెప్తారు కదేటండి?"

అవును, మేమే చెబుతాము. ప్రతి రోగికీ చెబుతాము. తిండి మానేసిన రోజు ఏం చేయాలో మాత్రం చెప్పము, ఎందుకంటే తిండి మానేస్తామని వాళ్లు మాకు చెప్పరు. నేను డాక్టరు వైపు తిరిగి, చేతి మీద బెల్లం ఉంది మేడమ్ అని హిందీలో చెప్పాను. ఆమె నా వైపు, సిరంజి వైపు, మళ్లీ పైడమ్మ చెమట వైపు చూసింది. ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. షుగరు పడిపోయి ఉన్న మనిషికి ఇన్సులిన్ ఇస్తే ఉన్న కాస్తా పోతుంది. మెదడు దెబ్బతింటుంది, ప్రాణం పోతుంది. అది ఇంకాస్తలో మా చేతుల మీదుగా జరిగి ఉండేది. 

వెంటనే చెయ్యి కడిగి మళ్లీ చూడమంది డాక్టరు. రూతమ్మ బేసిన్‌లో నీళ్లు తెచ్చింది. అప్పలసామి తాత బల్లకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. గటం గుడికి చేరలేదు, అమ్మవారి సన్నిధిలో దించలేదు, ఈ లోపల చెయ్యి కడిగితే ఊరికి అరిష్టమన్నాడు. తలుపు దగ్గర జనం కూడా అదే మాట అన్నారు. నాకు ఒళ్లు మండింది. కాని మా వాళ్లను నేనెరుగుదును. ఆయన్ను నేను తోసేస్తే ఆ నలుగురూ నన్ను తోసేస్తారు. తర్వాత క్షమాపణలు చెప్పుకోవచ్చు గాని అప్పటికి పైడమ్మ ఉండదు.

లక్ష్మి చంకలో ఇంకా గటం ఉంది. దాన్ని ఎక్కడ దించాలో తెలియక పాపం అలాగే పట్టుకుని నిలబడింది.

"తాతా, గటంలో నీళ్లు అమ్మవారివే కదా. అవి ఆవిడ చేతి మీద పోస్తే తప్పా?" అని అడిగాను.

ఆయన ఆలోచించాడు. బాయిలర్ పనివాడు ఆవిరి ఒత్తిడి చూసుకున్నట్టు తీరిగ్గా ఆలోచించాడు. ఆ కాస్త సేపట్లో నేను ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. చివరికి "అమ్మోరి నీల్లు అమ్మోరికి తగిల్తే తప్పేటుంటాది? పొయ్యండి" అన్నాడు.

లక్ష్మి గటం వంచి పసుపు నీళ్లు పోసింది. రూతమ్మ బేసిన్ కింద పెట్టి, పైడమ్మ వేళ్లు ఒక్కొక్కటీ రుద్ది రుద్ది కడిగి, గాజుగుడ్డతో పొడిగా తుడిచింది. వేపాకు ఒకటి గోటికి అంటుకుంటే అదీ తీసేసింది. వేలు పొడిచి, మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్క పట్టీకి తగిలించింది. ఫలితం చెప్పేముందు మీటరు వెనక్కి లెక్కపెడుతుంది. ఉద్యోగంలో ఎన్నిసార్లు ఆ లెక్క చూశానో నాకే తెలియదు. ఆ రోజు మాత్రం చూడలేక, కళ్లు గోడ మీది గర్భిణుల పోషకాహారం బొమ్మ వైపు తిప్పుకున్నాను.

31 అని చదివింది రూతమ్మ.

తాత కూడా మెడ సాచి చూశాడు. ఇందాక నాలుగు వందల చిల్లర, ఇప్పుడు ముప్పై ఒకటి. "సూసినారా, పసుపు నీల్లు తగలగానే దిగిపోనాది" అన్నాడు జనం వైపు తిరిగి. జనం చెంపలు వేసుకున్నారు. ఆయనతో వాదించే తీరిక మాకు లేదు.

షుగరు పడిపోయినప్పుడు నరంలోకి డెక్స్‌ట్రోస్ ఎక్కించాలి. అది చిక్కటి చక్కెర నీరు. కాని నరం దొరకాలి కదా. నాకు దొరకని నరం రూతమ్మకు ఎడమ మోచేతి దగ్గర ఒక్క పోటుతో దొరికింది.  డాక్టరు నెమ్మదిగా మందు తోస్తుంటే అందరం పైడమ్మ మొహం చూస్తూ నిలబడ్డాం. ముందు కనురెప్పలు కదిలాయి. తర్వాత నుదుటి మీద చెమట ఆగింది. కళ్లు తెరిచి, డాక్టర్ని చూసి, నన్ను చూసి, "నా గటమేదీ?" అంది. లక్ష్మి బావురుమంది.

డాక్టర్ మిత్ర ఆమెను ఏదైనా తినమంది. గటం దించకుండా తిననని పైడమ్మ మొండికేసింది. మళ్లీ తాతే దిక్కయ్యాడు. పానకం అమ్మవారి నైవేద్యమే, అది తాగితే ఉపవాసం చెడదని తీర్పు చెప్పి, ఇందాకటి చెంబే అందించాడు. ఈసారి డాక్టరు అడ్డుకోలేదు. పైడమ్మ చెంబు ఖాళీ చేసింది.

అంబులెన్స్ ఊరేగింపు దాటుకుని అప్పుడు వచ్చింది. ఆమె వేసుకున్న రకం బిళ్ల ప్రభావం చాలాసేపు ఉంటుంది, షుగరు మళ్లీ పడిపోవచ్చు కాబట్టి ఆమెను పెద్దాసుపత్రికి పంపక తప్పలేదు. గటాన్ని లక్ష్మి గుడికి చేర్చింది.

అందరూ వెళ్లాక తాత ఒక్కడే ఆగాడు. తను మొదటే పానకం పోస్తానంటే ఎందుకు వద్దన్నారో డాక్టర్ని అడగమని నాతో అన్నాడు. నేను హిందీలో అడిగాను. ఆవిడకు కోపం రాలేదు. అప్పుడు పోసి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయేదని చెప్పు, కాని ఆమెకు కావలసింది చక్కెరేనన్న మాట నిజమని కూడా చెప్పు అంది. నేను రెండూ చెప్పాను. తాత రెండోది మాత్రమే విన్నాడు.

రూతమ్మ ఒక మూల కూర్చుని ఏడ్చింది. స్పిరిట్ దూది పక్కన పెట్టానని, తన వల్లే ఇదంతా అని. ఆమె భుజం మీద చెయ్యి వేసి డాక్టరు చెప్పిన మాట నేను ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో చెబుతుంటాను. రెండోసారి కూడా అదే చేతికి చూడమన్నది నేను, అంది ఆవిడ. ఒకే తప్పును రెండుసార్లు చేసి, రెండు అంకెలు దగ్గరగా వచ్చాయి కదా అని నమ్మాము అంది.

ఆ తర్వాత పరీక్షకు ముందు రోగి చెయ్యి సబ్బుతో, నీళ్లతో కడిగించాలని, స్పిరిట్ ఒక్కటే చాలదని, రోగి వాలకానికి పొంతన లేని అంకెను నమ్మవద్దని నేను ఒక సూచన రాసి పైకి పంపాను. అది పై అధికారుల బల్లలన్నీ తిరిగి, తెలుగు, హిందీ, బెంగాలీల్లో అచ్చయి యూనిట్లకు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. అప్పలసామి తాత మాత్రం ఆ సాయంత్రమే డప్పు వేయించాడు. షుగరు ఉన్న ఆడవాళ్లు గటం ఎత్తేముందు గ్లాసెడు పానకం తాగాలని, ఇది అమ్మవారి ఆజ్ఞ అని. నా సూచనను ఎంతమంది పాటిస్తున్నారో నాకు తెలియదు. ఆయన ఆజ్ఞను అందరూ పాటిస్తున్నారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు మీటరు తప్పు చెప్పిందా అని నన్ను అడుగుతారు. చెప్పలేదు. ఆ చుక్కలో ఉన్న చక్కెర ఎంతో అది సరిగ్గానే చెప్పింది. ఆ చక్కెర రక్తంలోదా, వేలి మీదిదా అన్నది మీటరు పని కాదు, మా పని. ఆ సాయంత్రం రూతమ్మ సిరంజిలోని ఇన్సులిన్‌ను పారబోస్తుంటే నేను పక్కనే ఉన్నాను. మందు మంచిదే. ఆ అంకెకు మోతాదూ సరైనదే. చెయ్యి ఒక్కటే ఎవరూ కడగలేదు.